కుట్లు విప్పిన రోజే గడువు మొదలైంది

ప్రశ్న: మాది గుంటూరు. వయసు 31. బట్టతల వల్ల సంబంధాలు తప్పిపోతున్నాయని 22 నెలల కిందట హైదరాబాద్‌లోని ఒక క్లినిక్‌లో డీహెచ్‌ఐ పద్ధతిలో జుట్టు మార్పిడి చేయించుకున్నాను. కుట్లు, మచ్చ ఉండవని వాట్సాప్‌లో చెప్పారు. రూ.1.60 లక్షలు కట్టాను. అందులో 40 వేలు యూపీఐ, మిగతాది నగదు, బిల్లు ఇవ్వలేదు. పదో రోజు కుట్లు విప్పారు. ఏడాది ఆగమంటే ఆగాను. ముందువైపు జుట్టు పలచగానే వచ్చింది, వెనక చెవి నుంచి చెవి దాకా గీత పడింది. కుదిరిన సంబంధం కూడా చెడిపోయింది. మధ్యలో ఫోన్ మార్చాను. ఇప్పుడు ఒక కాగితం మీద సంతకం పెడితే రెండో సిట్టింగ్ ఉచితంగా చేస్తామంటున్నారు. ఒప్పుకోవాలా, క్రిమినల్ కేసు పెట్టాలా?

జవాబు: చెడిపోయిన సంబంధం మీద కేసు నిలబడదు. అవతలివాళ్లు వచ్చి సాక్ష్యం చెప్పరు. జుట్టు పలచగా వచ్చిందన్న మాట మీద కూడా గెలవడం కష్టం, ఎందుకంటే వైద్యుడు ఫలితానికి పూచీపడడు. మీ కేసంతా మీరు అలవోకగా రాసేసిన ఒక్క వాక్యంలో ఉంది: పదో రోజు కుట్లు విప్పారు.

వెంట్రుకల కుదుళ్లు తీయడానికి ప్రధానంగా రెండు దారులు. ఎఫ్‌యూటీలో తల వెనక నుంచి చర్మాన్ని సన్నటి పట్టీగా కోసి తీసి, కోతను కుట్టేస్తారు. గీతలాంటి మచ్చ మిగులుతుంది. ఎఫ్‌యూఈలో మిల్లీమీటరు అటూఇటూ ఉండే పంచ్‌తో (గుండ్రంగా కోసే చిన్న పనిముట్టు) ఒక్కో గ్రాఫ్టును, అంటే నాటడానికి తీసే కుదుళ్ల చిన్న గుత్తిని, విడిగా తీస్తారు. కుట్టాల్సిన పని ఉండదు, చుక్కల్లాంటి మచ్చలు మిగులుతాయి. కుట్లు పడ్డాయి, చెవి నుంచి చెవి దాకా గీత ఉందంటే మీకు చేసింది ఎఫ్‌యూటీ అనిపిస్తోంది. అది తప్పుడు వైద్యమేమీ కాదు, ఇప్పటికీ చేస్తున్నారు. మీకు చెప్పి చేశారా లేదా అన్నదే ప్రశ్న. ఒకదానికి ఇచ్చిన అంగీకారం ఇంకోదానికి చెల్లదని సమీరా కోహ్లీ కేసులో 2008లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

క్లినిక్ లాయరు ఏమంటాడో ముందే చెబుతాను. డీహెచ్‌ఐ అంటే పెన్నులాంటి పరికరంతో నాటే పద్ధతి మాత్రమే, కుదుళ్లు ఎలా తీయాలో ఆ పేరులో లేదు, కాబట్టి పట్టీ కోసినా మాట తప్పినట్టు కాదు అంటాడు. అందులో కొంత నిజం కూడా ఉంది. ఆ వాదనకు మీ దగ్గరున్న ఒకే ఒక్క జవాబు ‘కుట్లు, మచ్చ ఉండవు’ అన్న వాట్సాప్ మెసేజ్. మీరేమో ఫోన్ మార్చేశారు! లక్షా ఇరవై వేలు బిల్లు లేకుండా చేతిలో పెట్టారు, సంతకం చేసిన అంగీకార పత్రం కాపీ అడగలేదు. పెళ్లి బట్టల రసీదైనా ఇంతకన్నా జాగ్రత్తగా దాచుకుంటాం. పాత ఫోన్ ఇంట్లో ఉంటే ఈరోజే తీయండి. బ్యాకప్ ఉంటే తెరిపించండి. స్క్రీన్‌షాట్‌తో సరిపెట్టకండి. ఆ చాట్‌ను ఏ ఫోన్ నుంచి, ఎలా తీశారో చెప్పే సర్టిఫికెట్ భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద జతచేయాలి, అసలు చాట్ ఉన్న ఫోన్‌నూ దాచాలి.

ఇక గడువు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 69 ప్రకారం వ్యాజ్య కారణం (కేసుకు దారితీసిన సంఘటన) పుట్టిన రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. ఏడాది ఆగమన్నారు కాబట్టి ఆ ఏడాది తీసేసి లెక్కపెడదాం అనుకుంటున్నారేమో. జుట్టు పలచదనం గురించైతే ఆ వాదన కొంత చేయవచ్చు. కుట్లు పడ్డ సంగతి మాత్రం విప్పిన రోజే మీకు తెలుసు. అందుకే సర్జరీ తేదీ నుంచే లెక్కేసుకోండి, రెండు నెలలు కూడా చేతిలో లేవనుకోండి. లీగల్ నోటీసు పంపితే గడువు ఆగదు. వాళ్లతో నడిపే మంతనాలకూ ఆగదు. ఆలస్యానికి తగిన కారణం చూపిస్తే వినియోగదారుల కమిషన్ మన్నించవచ్చు గానీ ఆ దయ మీద కేసు కట్టకూడదు.

ఆ ఉచిత సిట్టింగ్ జోలికి వెళ్లొద్దు. సంతకం పెట్టమంటున్న కాగితంలో ‘పూర్తి సంతృప్తి, ఇకపై ఎలాంటి క్లెయిము లేదు’ అన్న మాట ఉండే అవకాశమే ఎక్కువ. కాగితం లేకపోయినా ముప్పు తక్కువేం కాదు. మచ్చ సవరిస్తే, దాని మీద గ్రాఫ్టులు నాటితే మీ సాక్ష్యం మీ తల మీంచే చెరిగిపోతుంది. ఈలోగా రెండు నెలలూ గడిచిపోతాయి.

క్రిమినల్ కేసు మాట ఇప్పుడు వదిలేయండి. జేకబ్ మాథ్యూ తీర్పు (2005) ప్రకారం వైద్యుడి మీద నేరం నిలవాలంటే తీవ్రమైన నిర్లక్ష్యం చూపించాలి, పోలీసులు ముందు స్వతంత్ర వైద్య అభిప్రాయం తీసుకోవాలి. మీకున్న సమయం దానికే సరిపోతుంది.

చేయాల్సింది ఇది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, మచ్చ పక్కన స్కేలు పెట్టి ఫొటోలు తీయించండి. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగానికో ప్లాస్టిక్ సర్జరీ విభాగానికో వెళ్లి, మచ్చ పొడవు, అది పట్టీ కోసి తీసిన మచ్చేనా అన్నది రాతపూర్వకంగా అడగండి. ఇలా కంటికి కనిపించే లోపానికి ప్రతిసారీ నిపుణుడి సాక్ష్యం అక్కర్లేదని వి.కిషన్‌రావు కేసులో (2010, అదీ హైదరాబాద్ ఆసుపత్రి కేసే) సుప్రీంకోర్టు అన్నది. అయినా కాగితం ఉంటే మంచిది.

అంగీకార పత్రం, ఆపరేషన్ నోట్స్, ముందు తీసిన ఫొటోలు, సర్జరీ చేసినవారి పేరు, రిజిస్ట్రేషన్ నంబరు కోరుతూ క్లినిక్‌కు స్పీడ్‌పోస్టులో రాయండి, రసీదు దాచండి. అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని 2002 వైద్య నైతిక నియమావళి చెబుతోంది. ఇవ్వకపోతే ఆ మౌనమే మీకు ఉపయోగం. కోత పెట్టింది డాక్టరు కాదు, టెక్నీషియన్ అని తేలితే తెలంగాణ వైద్య మండలికి విడిగా ఫిర్యాదు చేయవచ్చు. ఈ సర్జరీ వర్క్‌షాపుల్లోనో యూట్యూబ్‌లోనో చూసి నేర్చుకునేది కాదని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే మార్గదర్శకాల్లో చెప్పింది.

జవాబు కోసం ఎదురుచూడకుండా గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయండి. మీరు నివసించే చోట వేసుకునే హక్కు చట్టం ఇచ్చింది. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. వినియోగదారుల ఫిర్యాదుల ఆన్‌లైన్ పోర్టల్ ఈ-జాగృతిలోనూ వేయవచ్చు. కట్టిన డబ్బు, మచ్చ సవరణకు అయ్యే ఖర్చు అంచనా, మానసిక వేదనకు పరిహారం, కోర్టు ఖర్చులు కోరండి. నగదుకు రసీదు లేదు కాబట్టి ఆ రోజు బ్యాంకు నుంచి డబ్బు తీసిన స్టేట్‌మెంటు, వెంట వచ్చినవారి అఫిడవిట్ జతచేయండి. పెళ్లి సంగతి ఒక్క పేరాలో చాలు.