పాత బేస్ గిటార్ వయసు కనుక్కోవడం గురించి మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. నీ ఉత్తరం, ఫోటోలు అందాయి. ఫెండర్ కంపెనీ జాజ్ బేస్, సన్‌బర్స్ట్ రంగు (మధ్యలో లేత, అంచుల్లో ముదురు), చూడ్డానికి ముచ్చటగా ఉంది. నెక్ ప్లేట్ (నెక్‌ని బాడీకి బిగించే వెనకవైపు లోహపు పలక) మీద 'ఎల్' అక్షరంతో మొదలయ్యే నంబర్ ఉందని, అది 1964 నాటిదని అమ్మేవాళ్లు చెబుతున్నారని, కొనెయ్యమంటావా అని అడిగావు. డబ్బు చేతులు మారకముందే అడిగినందుకు చాలా సంతోషం. తొందరపడకు.

ముందు ఆ నంబర్ సంగతి. 'ఎల్' నంబర్లు 1962 చివరి నుంచి 1965 దాకా వచ్చాయి. అంతవరకు వాళ్లు చెప్పింది నిజమే. కానీ ఫ్యాక్టరీలో ఆ ప్లేట్లు ఒక డబ్బాలో పోసి ఉండేవి. బిగించేవాళ్ల చేతికి ఏది వస్తే అది బిగించారు. ముందు కొట్టిన నంబర్ తర్వాత బయటికెళ్లిన గిటార్ మీద కనిపించడం మామూలే. పైగా ఆ ప్లేట్‌ని పట్టి ఉంచేవి నాలుగు స్క్రూలే. ఇన్నేళ్లలో ఎవరైనా విప్పి వేరేది పెట్టి ఉండొచ్చు. అందుకే నంబర్‌ని చుట్టుపక్కల సంవత్సరాలు చెప్పే గుర్తుగా చూడు, పుట్టినరోజు సర్టిఫికెట్‌గా చూడకు.

నీ ఫోటోల్లో నా కళ్లు ఆగింది ఇంకో చోట. ఫింగర్‌బోర్డ్ (నెక్ మీద తీగల్ని వేళ్లతో నొక్కే పలక) అంచు వెంట సన్నటి తెల్ల పట్టీ ఉంది చూశావా? దాన్ని బైండింగ్ అంటారు. జాజ్ బేస్ 1960లో వచ్చింది. మొదటి ఐదేళ్లు ఆ పట్టీ లేదు. 1965 చివర్లో, 1966 మొదట్లో వచ్చింది. కొద్ది నెలలకే, 1966లోనే, ఫింగర్‌బోర్డ్ మీది గుండ్రటి చుక్కలు పోయి వాటి స్థానంలో పలకల్లాంటి బ్లాక్‌లు వచ్చాయి. నీ ఫోటోలో పట్టీ ఉంది, చుక్కలూ ఉన్నాయి. అంటే నెక్ ఫ్యాక్టరీదే అయితే ఆ మధ్యలోని కొద్ది నెలల్లో తయారై ఉండాలి. 1964 అనే మాట నాకు కుదరడం లేదు. అలాగని అమ్మేవాళ్లు మోసం చేస్తున్నారని అనుకోకు. నంబర్ ఒక్కటే చూసి నమ్మి ఉంటారు. ఒకప్పుడు నేనూ అలాగే నమ్మాను.

ఆ సంగతి నీకు ఎప్పుడూ చెప్పలేదు. చాలా ఏళ్ల కిందట నేనొక ప్రెసిషన్ బేస్ (ఫెండర్‌దే ఇంకో మోడల్) కొన్నాను. ప్లేట్ మీద నంబర్ 1963కి సరిపోయింది, ఇంకేమీ చూడలేదు. దాచుకున్న డబ్బంతా దానికే పెట్టాను. కొన్ని నెలలకు వాల్యూమ్ తిప్పితే గరగర శబ్దం రావడం మొదలైంది. శుభ్రం చేద్దామని పిక్‌గార్డ్ (బాడీ ముందువైపు ప్లాస్టిక్ పలక) విప్పాను. వాల్యూమ్ పాట్ (నాబ్ తిప్పితే తిరిగే, లోపలి చిన్న భాగం) వెనక అంకెలు చదివితే 1972 అని తేలింది. ఎవరో తర్వాత మార్చారేమోనని ఆశపడి సోల్డరింగ్ చూశాను. ఎక్కడా మళ్లీ కాల్చిన జాడ లేదు, అన్ని అతుకులూ ఒకే రకంగా బూడిదరంగుకి తిరిగి ఉన్నాయి. పాట్లు అసలువే, ప్లేటే ఎక్కడి నుంచో వచ్చింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నీకు ఆ బాధ రాకూడదనే ఇంత పొడుగు ఉత్తరం.

గిటార్‌లో నెక్ ఒక వారం తయారవుతుంది, బాడీ ఇంకో వారం. పాట్లు బయటి కంపెనీ నుంచి ఎప్పుడో వచ్చి ఉంటాయి. కాబట్టి ఒక్క తేదీ కోసం వెతకొద్దు. అసలువని రూఢి అయిన భాగాల్లో అన్నిటికంటే కొత్తది ఏదో చూడు. గిటార్ దానికంటే ముందు తయారై ఉండదు.

మొదట పాట్లు చూడు. జాజ్ బేస్‌లో ఇది సులువు. నాబ్‌లు, జాక్ కలిసి ఒక చిన్న లోహపు ప్లేట్ మీద ఉంటాయి కాబట్టి, ఆ ప్లేట్ స్క్రూలు విప్పి మెల్లగా పైకి లేపితే చాలు. వైర్లు పొట్టిగా ఉంటాయి, లాగొద్దు. 1957 నుంచి వచ్చిన ప్రెసిషన్ బేస్ అయితే పాట్లు పిక్‌గార్డ్‌కే బిగించి ఉంటాయి, మొత్తం గార్డ్ తీయాలి. 1960ల మొదటి సగం నాటి తాబేటి చిప్ప రంగు గార్డ్‌లు ఏళ్లు గడిచేకొద్దీ కుంచించుకుపోతాయి, స్క్రూ రంధ్రాల దగ్గర పగుళ్లిస్తాయి. అలాంటిదాన్ని బలవంతంగా ఎత్తితే అక్కడే విరుగుతుంది.

పాట్ వెనక, లేదా అంచు మీద, ఆరేడు అంకెలు కొట్టి ఉంటాయి. మొదటి మూడు తయారుచేసిన కంపెనీవి: 137 అంటే సీటీఎస్, 304 అంటే స్టాక్‌పోల్. చివరి రెండూ ఆ ఏడాదిలో ఎన్నో వారమో చెబుతాయి. మధ్యలోది సంవత్సరం. 1376612 అని ఉంటే సీటీఎస్, 1966, పన్నెండో వారం. 1950ల పాట్లలో సంవత్సరానికి ఒక్క అంకే ఉంటుంది. 304920 అంటే 1949 కావచ్చు, 1959 కావచ్చు. అప్పుడు మిగతా గిటార్ని అడగాలి. ప్రెసిషన్ బేస్ వచ్చిందే 1951లో, రెండు ముక్కల పిక్‌అప్ (తీగల కదలికని విద్యుత్ సంకేతంగా మార్చే భాగం) వచ్చింది 1957లో, కాబట్టి అలాంటి గిటార్‌లో ఆ 9 అంటే 1959 తప్ప ఇంకోటి కాదు. చివరి రెండంకెలు 53 దాటితే నువ్వు తప్పు చదివినట్టే, భూతద్దం పెట్టి మళ్లీ చూడు. సోల్డర్ అంకెల మీద పడి ఉంటే గీకొద్దు. కనిపించినంతవరకే చదువు, పక్క పాట్ చూడు. ఇంకో మాట, ఫెండర్ 1966లో పాట్లు పెద్ద మొత్తంలో కొని ఆ తర్వాత కొన్నేళ్లు వాడింది. 66 అని ఉన్న పాట్ 1968, 1969 గిటార్లలోనూ దొరుకుతుంది. పాట్ తేదీ కింది హద్దే చెబుతుంది, పై హద్దు చెప్పదు.

తర్వాత నెక్. దీనికి అమ్మేవాళ్ల అనుమతి అడుగు, వాళ్ల ముందే విప్పు. తీగలు పూర్తిగా వదులు చేశాక మొదటి ఫ్రెట్ (ఫింగర్‌బోర్డ్ మీద అడ్డంగా ఉండే లోహపు గీత) దగ్గర ఒక కాపో (తీగల్ని నొక్కి పట్టే క్లిప్పు) పెట్టు. తీగల కింది చివరలు బాడీ మీది బ్రిడ్జ్ నుంచి తప్పించినా పై చుట్లు చెదరవు. స్క్రూ తలలో సరిగ్గా కూర్చునే స్క్రూడ్రైవర్ తీసుకో, కరెంటు డ్రిల్లు మాత్రం వద్దు. నెక్ బయటికొచ్చాక దాని మడమ, అంటే బాడీ గూట్లో కూర్చునే చివర, చూడు. 1962కి ముందైతే పెన్సిల్‌తో రాసిన తేదీ, ఆ తర్వాతైతే ముద్ర ఉంటుంది. '7 సెప్ 64 ఏ' లాంటి ముద్రని చాలామంది సెప్టెంబర్ ఏడు అని చదువుతారు. ఆ 7 రోజు కాదు, మోడల్ కోడ్. చివరి అక్షరం నట్ (నెక్ పైచివర తీగలు ఆనే చిన్న పట్టీ) దగ్గర నెక్ వెడల్పు: ఏ అంటే ఒకటిన్నర అంగుళం, సీ అంటే ఒకటీ ముప్పావు. ముద్రే లేని నెక్‌లూ ఉన్నాయి, లేనంత మాత్రాన నకిలీ అనుకోవద్దు. గూట్లో చిన్న కాగితం ముక్క ఉంటే ఎలా ఉందో అలాగే తిరిగి పెట్టు, నెక్ కోణం కోసం పెట్టిందది. తిరిగి బిగించేటప్పుడు స్క్రూని ముందు వెనక్కి తిప్పు, టక్‌మని పాత మరలో దిగినట్టు అనిపించాక ముందుకు తిప్పు. లేదంటే చెక్కలో కొత్త మర పడి రంధ్రం పాడవుతుంది.

గార్డ్ తీసే అవకాశమిస్తే బాడీ మీద చిన్న మేకు రంధ్రాల కోసం చూడు. 1960ల మధ్య దాకా రంగు వేసేటప్పుడు బాడీని మేకుల మీద ఆనించి ఆరబెట్టేవారు, ఆరాక మేకులు పీకేవారు. అందుకని అసలు రంగైతే రంధ్రం లోపల పచ్చి చెక్క కనిపిస్తుంది. రంగు లోపలికి దిగి ఉంటే మళ్లీ రంగు వేసినట్టే. అల్ట్రావయొలెట్ టార్చ్ దొరికితే చీకట్లో వేసి చూడు. పాత నైట్రో (నైట్రోసెల్యులోజ్) పూత పసుపు పచ్చగా మెరుస్తుంది, తర్వాత పూసిన మచ్చలు నల్లగా తేలతాయి.

ఫెండర్ నంబర్ 'వీ'తో మొదలైతే అది పాతది కాదు, పాత మోడల్‌ని 1982 నుంచి మళ్లీ చేసినది. హెడ్‌స్టాక్ (నెక్ పైన తీగలు బిగించే తల) మీద నంబర్ ముందు 'ఎస్' ఉంటే 1970లది, 'ఈ' ఉంటే 1980లది. వేరే కంపెనీలవి వేరే లెక్క. రికెన్‌బ్యాకర్‌కి జాక్ ప్లేట్ మీద రెండక్షరాలుంటాయి, మొదటిది 1961 నుంచి వరసగా సంవత్సరం, రెండోది నెల. ఎంసీ అంటే 1973 మార్చి. గిబ్సన్ 1960లలో ఒకే నంబర్‌ని పలుమార్లు వాడింది, కాబట్టి నంబర్ మీద ఆధారపడకు, పాట్లే చూడు.

విప్పడానికి వాళ్లు ఒప్పుకోకపోతే గొడవ పడకు. అప్పుడు తెలియని వయసున్న మంచి గిటార్‌గా బేరమాడు. 1964 ధర మాత్రం ఇవ్వకు. నా అంచనా ప్రకారం ఇది 1965 చివరిదో 1966 మొదట్లోదో అయి ఉంటుంది, అలా తేలితే అదీ అపురూపమే, ఆ రకం నెక్ చేసింది కొద్ది నెలలే.

మడమ, పాట్ల వెనక వైపు ఫోటోలు తీసి పంపు. ఫ్లాష్ వాడొద్దు, టార్చ్‌ని పక్క నుంచి ఏటవాలుగా వేయి, కొట్టిన అంకెలు అలా అయితేనే కనిపిస్తాయి.

ఇట్లు,
మావయ్య