మీరు నుంచి నువ్వు దాకా

చి. అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు రాస్తున్న ప్రేమకథలో పంపిన 3 భాగాలూ చదివాను. వచనం హాయిగా నడుస్తోంది. చిక్కల్లా ఒకటే. మూడో భాగం ముగిసేలోపే హరీ సుధా "నువ్వు" అనేసుకుంటున్నారు. 24 భాగాల సీరియల్ అన్నావు కదా, మిగతా 21 భాగాల్లో వాళ్లు దగ్గరవడానికి ఇంకేం మిగిలింది?

ప్రేమకథ రాసేవాళ్లకి మన భాషే ఒక కొలబద్ద చేతికిచ్చింది. "కూర్చోండి" అన్న మనిషి మర్నాడు "కూర్చో" అనడు. మధ్యలో ఎటూ తేల్చుకోలేని రోజులుంటాయి. అప్పుడు మీరూ నువ్వూ రెండూ తగలకుండా మాట్లాడతాం: "భోజనం అయిందా?", "రేపు రావడం కుదురుతుందా?" ఆ తప్పించుకోవడమే నీకు నాలుగైదు భాగాల సరుకు. ఆ తర్వాత ఎప్పుడో కంగారులో ఒక "నువ్వు" జారాలి, వెంటనే "సారీ అండీ" అని సర్దుకోవాలి. అసలు మార్పు పద్నాలుగో భాగం దాటాక పెట్టు. ఇద్దరూ ఒకేసారి మారొద్దు, అది ఒప్పందంలా ఉంటుంది. ఎవరు ముందు మారారో అదే ఒక సన్నివేశం. తర్వాత గొడవొచ్చినప్పుడు సుధ చేత మళ్లీ "మీ ఇష్టమండీ" అనిపించు. అరుపులూ ఏడుపులూ అక్కర్లేదు, ఆ "అండీ" చాలు.

కథ చెప్పే గొంతుకీ ఇదే లెక్క. రెండో భాగంలో హరిని ఒక పేరాలో "అతను" అన్నావు, కింది పేరాలో "ఆయన" అయ్యాడు. సుధ మనసులోంచి చెబుతున్నంతసేపూ ఆమె అతన్ని ఏమనుకుంటుందో అదే మాట రాయి. ఒక సన్నివేశంలో ఒక్క మనసులోనే ఉండు.

హరి ఆరడుగుల ఎత్తూ పడవలాంటి కారూ చూస్తే పాత నవలా నాయకుడే నడిచొచ్చినట్టుంది. కంపెనీ ఎండీ అన్నావు గానీ, పొద్దున 10 నుంచి సాయంత్రం 6 దాకా ఏం చేస్తాడో రాయలేదు. కరెంటు ఆఫీసులో ఏఈని, అంటే అసిస్టెంట్ ఇంజనీర్ని చెయ్యి. గాలివాన వస్తే ఫీడర్ లైను ట్రిప్పయి కరెంటు పోతుంది, ఫోన్ మోగుతుంది, మాట మధ్యలోనే లేచి వెళ్లాలి. పనే వాళ్లని విడదీస్తుంది, నువ్వు యాక్సిడెంట్లు వెతుక్కోనక్కర్లేదు.

"గుండె ఝల్లుమంది" 7 చోట్ల ఉంది. ఒకటి ఉంచుకో, అదీ చివర్లో. మందుల షాపు కౌంటర్ దగ్గర "ఆమె చెయ్యి తగలగానే అతని ఒళ్లు పులకరించింది" అన్నచోట ఇలా చూడు: "చిల్లర అందుకున్నాడు. లెక్కపెట్టకుండానే జేబులో వేసుకున్నాడు." అయితే ఇది పండాలంటే మొదటి భాగంలోనే అతను చిల్లర రెండుసార్లు లెక్కపెట్టుకోవడం పాఠకులు చూసి ఉండాలి. ముందు నాటకపోతే ఇక్కడ ఏమీ మొలవదు.

అడ్డంకి సంగతి. హరి ఎవరితోనో నవ్వుతూ ఫోన్ మాట్లాడాడని సుధ నెల రోజులు అలిగింది. "అడగొచ్చుగా తల్లీ" అంటారు చదివేవాళ్లు. ఒక్క ప్రశ్నతో తీరేది అడ్డంకి కాదు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉండాలి: అతనికి వేరే జిల్లాకి బదిలీ, ఆమెకి మంచం పట్టిన నాన్న. కులం తెస్తానంటే ఉపన్యాసాలొద్దు. హరి వాళ్లమ్మ సుధకి మంచినీళ్లిస్తూ "ఇంటిపేరేంటమ్మా?" అని అడిగితే, ఎందుకడిగిందో గదిలో అందరికీ తెలిసిపోతుంది.

"నేను నిన్ను ప్రేమిస్తున్నాను" తీసెయ్యి, డబ్బింగ్ సినిమాలా ఉంది. మనవాళ్లు "ఐ లవ్యూ" అనేస్తారు, లేదంటే "తిన్నావా?" అంటారు.

భాగానికి 1,200 నుంచి 1,500 పదాలు, రెండు సన్నివేశాలు చాలు. ప్రతి భాగాన్నీ తలుపు చప్పుడుతో ఆపకు, రెండోసారికే కిటుకు తెలిసిపోతుంది. అడిగిన ప్రశ్నకి జవాబు రాకముందే ఆపు. కనీసం 3 భాగాలు చేతిలో ఉంచుకున్నాకే మొదటిది బయటపెట్టు. లేకపోతే వారం వారం హడావిడిలో కొత్త పాత్రలు పుట్టుకొస్తాయి.

నాలుగోది మొదలుపెట్టేముందు మూడో భాగంలోని "నువ్వు"లన్నీ "మీరు" చేసి, పైకి చదువు. ఏ వాక్యాలు మొండికేస్తాయో వాటికింద గీత గీసి పంపు.

ఇట్లు,
పెద్దమ్మ