పక్కటెముకలు విరిగితే హత్య రుజువైనట్టేనా?

ప్రశ్న: 1959 ఫిబ్రవరిలో సోవియట్ యూరల్ పర్వతాల్లో ట్రెక్కింగ్‌కు వెళ్లిన ఇగోర్ ద్యాత్లోవ్ బృందంలోని తొమ్మిది మందీ చనిపోయారు. ఇద్దరికి పక్కటెముకలు, ఒకరికి పుర్రె విరిగినా పైకి అంతటి గాయాలు కనిపించలేదట, ఒకామెకు నాలుకే లేదట. ఇది హత్యకు రుజువు కాదా? మన కోర్టులైతే ఏమనేవి?

జవాబు: రుజువు కాదు. గాయం ఎంత బలంతో తగిలిందో, ప్రాణం ఉండగా తగిలిందో పోయాక తగిలిందో పోస్ట్‌మార్టం డాక్టరు చెప్పగలరు గానీ, ఆ బలం మనిషిదా మంచుదా అన్నది కేవలం ఎముకను చూసి తేల్చలేరు.

ముందు నాలుక సంగతి. ల్యుద్మీలా దుబినినా మృతదేహం మే నెలలో, లోయలో మంచు కింద పారే నీళ్లలో దొరికింది. తలభాగంలో మెత్తని కండ పోవడం, చనిపోయాక నీళ్లలో ఉండి కుళ్లడం వల్ల కలిగిన మార్పు అని నాటి పోస్ట్‌మార్టం రిపోర్టులోనే ఉంది. ఆ ఒక్క వాక్యాన్ని వదిలేసి నాలుకను మాత్రమే చెప్పుకుంటూ పోవడం చనిపోయినవారికి చేసే అన్యాయమని నా అభిప్రాయం.

అసలు చిక్కు ఎముకల దగ్గర ఉంది. అవి ప్రాణం ఉండగానే విరిగాయని పోస్ట్‌మార్టం చేసిన డాక్టర్ బోరిస్ వొజ్రొజ్దెన్నీ తేల్చి, ఆ బలాన్ని వేగంగా వెళ్లే కారు తగిలినప్పటి దెబ్బతో పోల్చారు. పుర్రె విరిగిన వ్యక్తి తనంతట తాను కదలలేడనీ అన్నారు. అయితే బృందం కొండవాలు మీద వేసుకున్న డేరా నుంచి కిందికి నడిచి వెళ్లిన అడుగుజాడలు ఉన్నాయి, ఎముకలు విరిగిన ఈ ముగ్గురి శవాలు దొరికిన లోయ అక్కడికి సుమారు కిలోమీటరున్నర దూరం. కాబట్టి మంచుపలక డేరా మీద జారిపడి గాయపరిచిందంటే నడక ఎలా సాధ్యమో చెప్పాలి, లోయలోనే గాయపడ్డారంటే అంత బరువు ఎక్కడిదో చూపాలి. 2020లో రష్యా ప్రాసిక్యూటర్లు మంచుచరియనూ ఆపై చలినీ కారణంగా చెప్పారు. 2021లో గోమ్, పుజ్రిన్ అనే శాస్త్రవేత్తలు అలాంటి పలక జారడం సాధ్యమేనని లెక్కలతో చూపారు గానీ, అది జరిగి తీరిందని వారూ అనలేదు.

మన చట్టంలో నిపుణుల అభిప్రాయానికి చోటు భారతీయ సాక్ష్య అధినియమం 39వ సెక్షన్‌లో ఉంది, పాత ఎవిడెన్స్ యాక్టులో ఇది 45వది. ఆ అభిప్రాయం కోర్టుకు సలహా మాత్రమే, దాని వెనుక కారణాలు చెప్పనిదే బరువు రాదు. ప్రత్యక్ష సాక్షి లేనప్పుడు, హత్యా ఆత్మహత్యా అన్న వివాదంలోనే 1984లో సుప్రీంకోర్టు శరద్ బిర్దీచంద్ సార్దా కేసులో చెప్పినట్టు, పరిస్థితుల గొలుసు నేరం తప్ప మరే వివరణకూ తావివ్వకూడదు. ద్యాత్లోవ్ కేసులో ఆ గొలుసు లేదు, నిందితుడే లేడు.

మీ ఇంట్లో ఎవరైనా ట్రెక్కింగ్‌లో అనుమానాస్పదంగా చనిపోతే, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) 194వ సెక్షన్ కింద జరిగే శవపంచనామాలో శవం ఏ భంగిమలో ఉంది, నీళ్లు, మంచు ఎంత ఉన్నాయి అన్నవి రాయించండి, ఫొటోలు తీయించమని కోరండి. డాక్టరు కోర్టుకు వచ్చినప్పుడు మీ తరఫు ప్రాసిక్యూటర్ అడగవలసిన మొదటి ప్రశ్న ‘ఈ గాయం పడిపోవడం వల్ల కూడా అయి ఉండవచ్చా?’ అన్నదే. ఎదుటి పక్షం ఎలాగూ అదే అడుగుతుంది.