నన్ను పెంచిన ఆ హోమ్ రుణం ఎలా తీర్చుకోను?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. పదమూడో ఏట నాన్న కొట్టాడని ఇల్లొదిలి రైలెక్కి విజయవాడ స్టేషన్లో దిగాను. ఖాళీ నీళ్ల సీసాలు ఏరి తూకానికి అమ్ముకునే పిల్లలతో మూడు రోజులు తిరిగాను. నాలుగో రోజు వీధిబాలల హోమ్‌లో పనిచేసే ఒక అన్న వచ్చి పక్కన కూర్చున్నాడు. మీ ఊరేది, ఎందుకొచ్చావు అనలేదు, తిన్నావా అన్నాడు. పద్దెనిమిదేళ్లు నిండేదాకా ఆ హోమ్‌లోనే ఉన్నాను, అక్కడి నుంచే ఐటీఐ చేశాను. ఇప్పుడు హైదరాబాద్‌లో ఏసీ మెకానిక్‌ని. నెలకు 26 వేలు వస్తాయి, అద్దె, ఇంటి ఖర్చులు పోగా పెద్దగా మిగలదు. మొన్న హోమ్ వాళ్లు ఫోన్ చేసి వార్షికోత్సవానికి వచ్చి నాలుగు మాటలు మాట్లాడమన్నారు. నా భార్యకు నేను హాస్టల్లో చదివానని మాత్రమే తెలుసు. వెళ్లకపోతే విశ్వాసం లేనివాణ్ణని అనుకుంటారేమో, వెళ్తే సంగతి అందరికీ తెలిసిపోతుందేమోనని టెన్షన్. డబ్బు కూడా ఎక్కువ ఇవ్వలేను. ఏం చేయమంటారు?
- ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: వేదికెక్కడం మీరు తీర్చాల్సిన బాకీ కాదు తమ్ముడూ. మీ కథ మీది, ఎప్పుడు చెప్పాలో, ఎవరికి చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో మీ ఇష్టం. ఈసారికి రాలేనండీ, ఇంకో రకంగా సాయపడతానని హోమ్ వాళ్లతో చెప్పండి, పిల్లల్ని పెంచినవాళ్లు కదా, అర్థం చేసుకుంటారు. కానీ మీ ఆవిడకు మాత్రం చెప్పండి. ఎప్పుడో బంధువుల నోట వినడం కన్నా మీ నోట వినడం ఆమెకు మర్యాద. ఇందులో మీరు సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, పదమూడేళ్ల పిల్లాడు దెబ్బలకు తాళలేక వచ్చేశాడు, అంతే.

ఇక సాయం సంగతి. హోమ్‌లకు పుట్టినరోజు కేకులూ బిర్యానీ ప్యాకెట్లూ తెచ్చే దాతలు దొరుకుతారు, ఆగస్టు 15న అయితే ఒకే రోజు ఇద్దరు ముగ్గురు వస్తారు. కరెంటు బిల్లుకు, రాత్రి డ్యూటీ చేసే అన్న జీతానికి ఇచ్చేవాళ్లు దొరకడమే కష్టం. అందుకని నెలకు 500 అయినా సరే, ఆపకుండా పంపండి, దేనికైనా వాడుకోండి అని చెప్పి పంపండి. ఏడాదికోసారి వచ్చే పదివేల కన్నా నెలనెలా వస్తుందని తెలిసిన ఐదొందలు వాళ్లకు ఎక్కువ ధైర్యం.

అయితే మీరు ఇవ్వగలిగింది డబ్బొక్కటే కాదు. హోమ్ నుంచి బయటికొచ్చిన మొదటి నెల గుర్తు చేసుకోండి. చేతిలో ఒక బ్యాగు, గది కోసం వెళ్తే ఓనరు మీ నాన్నగారేం చేస్తారని అడుగుతాడు, రెండు నెలల అడ్వాన్సు అంటాడు, జామీను ఉండేదెవరంటాడు. 2015 జువెనైల్ జస్టిస్ (బాలల న్యాయ) చట్టం, దాని నిబంధనల ప్రకారం పద్దెనిమిది నిండి హోమ్ వదిలినవాళ్లకు 21 ఏళ్ల దాకా, తప్పనిసరి అయితే 23 దాకా కూడా ఆసరా ఇవ్వొచ్చు. కేంద్రం మిషన్ వాత్సల్య పథకంలో దానికి నెలకు 4,000 రూపాయలని రాసుంది. చాలామంది పిల్లలకు ఈ సంగతే తెలియదు, హోమ్ వాళ్లను గానీ జిల్లా బాలల సంరక్షణ విభాగాన్ని గానీ అడగాలని చెప్పేవాళ్లు ఉండరు. మీరు చెప్పండి. పథకం డబ్బు వచ్చినా అద్దె ఓనరుతో మాట్లాడి, ఈ అబ్బాయి నాకు తెలుసండీ, నాదీ పూచీ అనే మనిషి వేరే ఉండాలి, ఆ మనిషి మీరు కావచ్చు. రాత్రి పదకొండింటికి జ్వరమొచ్చిందని ఫోన్ చేస్తే ఎత్తే నంబరు మీది కావచ్చు.

హోమ్‌కు ఊరికే వెళ్లి పిల్లలతో గడపాలనిపిస్తే వాళ్ల నిబంధనలు ముందే కనుక్కోండి, పోలీస్ వెరిఫికేషన్ అడిగితే నొచ్చుకోవద్దు, అది పిల్లల క్షేమానికే. వాళ్లతో దిగిన ఫొటోలు స్టేటస్‌లో పెట్టకండి, ఆ పిల్లల వివరాలు బయటపెట్టడాన్ని చట్టమూ ఒప్పుకోదు.

ఇంకోటి, ఇది మీలాంటివాళ్లే బాగా చేయగలరు. స్టేషన్లో, బస్టాండ్లో ఒంటరిగా తచ్చాడే పిల్లాణ్ణి మీ కళ్లు మా అందరి కన్నా ముందు పట్టేస్తాయి, వాడు నిలబడే తీరు మీకు తెలుసు కాబట్టి. అలా కనిపిస్తే ఇంటికి తీసుకెళ్లకండి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసి వాళ్లొచ్చేదాకా పక్కన కూర్చోండి, ముందు తిన్నావా అని అడగండి.

వార్షికోత్సవం అయ్యాక ఒక మామూలు రోజు హోమ్‌కు ఫోన్ చేసి ఈ ఏడాది పద్దెనిమిది నిండేవాళ్లెవరు, అందులో మీ పని నేర్చుకోవాలనుకునేవాళ్లు ఉన్నారా అని కనుక్కోండి. ఎండలు ముదిరితే మీకెలాగూ చేతినిండా సర్వీసింగులే, హెల్పర్ కావాల్సిందే. పద్దెనిమిది నిండిన కుర్రాడొకణ్ణి పక్కన పెట్టుకోండి, మొదటి రోజు నుంచే కూలి ఇప్పించండి, బాల్కనీ గోడకున్న అవుట్‌డోర్ యూనిట్ దగ్గరికి వెళ్లేటప్పుడు నడుముకు బెల్టు కట్టడం మీరే చూపించండి.