అల్లుడూ, యాప్ పెట్టే ముందు నా కేబుల్ పుస్తకం చూడు

విజయనగరం

చిరంజీవి మేనల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

శ్రీకాకుళంలో మీ స్టూడియో తీసిన ఇరవై రెండు సినిమాలనూ ఇకమీదట ఎవరికీ ఇవ్వవనీ, సొంత యాప్‌లో పెట్టి నెలకు 99 రూపాయలు తీసుకుంటావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఇరవై ఏళ్లు ఇంటింటికీ తిరిగి కేబుల్ డబ్బులు వసూలు చేసినవాణ్ణి కదా, ఉండబట్టలేక రాస్తున్నాను.

ముందు ఆ 99 సంగతి. 18 శాతం జీఎస్టీ పోతే దాదాపు 84. ప్లే స్టోర్‌లో కడితే 15 శాతం వాళ్లది, మిగిలేది 71. సర్వర్ ఖర్చు ఇంకా తియ్యలేదు. నేను తీగ ఒకసారి లాగితే, ఆ ఇంట్లో గంట చూసినా రోజంతా చూసినా నాకు ఒకటే. నీకలా కుదరదు. 3 ఎంబీపీఎస్ నెట్ వేగంతో ఒకడు గంట చూస్తే 1.35 జీబీ డేటా పంపాలి, దానికి డబ్బు కట్టాలి. వాడు పాస్‌వర్డ్ బావమరిదికిస్తే ఆ చూసినదానికీ నువ్వే కట్టాలి. చూడకపోతే మిగులుతుంది కదా అనుకోకు. చూడనివాడు వచ్చే నెల కట్టడు.

మా లోకల్ ఛానల్‌లో పైడితల్లమ్మ సిరిమానోత్సవం మేమే తీసి వేసేవాళ్లం. ఆ వారం ఫోన్లే ఫోన్లు. ఇరవై రోజుల తర్వాత గంటస్తంభం దగ్గర సందులోకి వసూలుకెళ్తే, ఒకావిడ గుమ్మంలో కూర్చుని బియ్యం చెరుగుతోంది. చాట ఆపకుండానే, "ఏటి బాబూ, ఆ కేసెట్టే ఎన్నాళ్లు తిప్పుతారు?" అంది. కేసెట్టు బాగాలేదని కాదు, చూడడం అయిపోయింది. మిగతా ఛానళ్లు ఉన్నాయి కాబట్టి కనెక్షన్ ఉంచుకుంది. నీ యాప్‌లో నీవి తప్ప ఇంకేమీ ఉండవు. రోజుకొకటి చూసినా ఇరవై రెండూ నెల తిరక్కుండానే అయిపోతాయి.

నెలకు నూటికి పదిమంది మానేస్తే ఒక్కొక్కడు సగటున పది నెలలుంటాడు, నెలకు 71 చొప్పున 710 రూపాయలు. పాతికమంది మానేస్తే నాలుగు నెలలే, 284. వాణ్ణి రప్పించడానికి ప్రకటనలకు 300 పెట్టి ఉంటే వచ్చినరోజే నష్టం. ఏడాది చందా ఒకేసారి తీసుకుంటానంటావేమో. అది ఆదాయం కాదురా, పన్నెండు నెలల బాకీ.

ఇంకో ఖర్చుంది, అది పుస్తకంలోకి ఎక్కదు. అద్దెకున్నవాణ్ణి ఖాళీ చేయించి మన కొట్టు మనమే పెట్టుకుంటే, పోయిన అద్దె ఎవరు రాస్తారు? డిస్నీ 2019లో సొంత సర్వీసు మొదలుపెడుతూ నెట్‌ఫ్లిక్స్ దగ్గరున్న సినిమాలు వెనక్కి తీసుకుంది. 1923 నుంచి ఉన్న కంపెనీ, ఎంత సరుకుంటుందో చూడు. అయినా 2022 జులై-సెప్టెంబర్ మూడు నెలల్లోనే స్ట్రీమింగ్ మీద దాదాపు 150 కోట్ల డాలర్లు పోగొట్టుకుంది. లాభం మొహం చూసింది 2024లో. వార్నర్ వాళ్లు సొంత సర్వీసు ఉండి కూడా 2023లో తమ కొన్ని హెచ్‌బీఓ సిరీసులను నెట్‌ఫ్లిక్స్‌కే అద్దెకిచ్చారు. మన ఆహా కూడా సొంతవాళ్ల సినిమాలతో సరిపెట్టుకోకుండా బయటి నిర్మాతలవీ కొంటోంది.

యాప్ వద్దనను. పాతవాటిని బయటివాళ్లకు ఏడాదికో, రెండేళ్లకో అద్దెకివ్వు, ఆ డబ్బుతో ఆరు నెలలకు సరిపడా కొత్తవి తీసి పెట్టుకో, అప్పుడు మొదలుపెట్టు. అన్నీ ఒక్కరోజే వదలకుండా శుక్రవారానికొకటి వెయ్యి. పక్క ఊళ్ల కుర్రాళ్లు తీసినవి వాటాకి తీసుకో. శాశ్వత హక్కులు మాత్రం ఎవరికీ రాసివ్వకు. మేం తీసిన తప్పెటగుళ్ల టేపులు ఓ కంపెనీకి ఐదువేలకు అలాగే రాసిచ్చాను. ఇప్పుడవి యూట్యూబ్‌లో లక్షల మంది చూస్తున్నారు, నాకు పైసా రాదు. సంతకం పెట్టినరోజు మీ అత్త వద్దంది కూడా.

ఆదివారం నీ లెక్కలు పట్టుకుని రా. కేబుల్ పుస్తకాలు అటక మీంచి దించి దులిపి ఉంచాను. ఏ నెలలో ఎవరు మానేశారో అందులో ఇంటిపేర్లతో సహా ఉంది.

మీ మావయ్య