దద్దుర్లతో పాటు జ్వరం, ఎముకల నొప్పి

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. మూడేళ్లుగా ఒంటిమీద దద్దుర్లు వస్తూ పోతూ ఉన్నాయి. దురద తక్కువే గానీ మంటగా ఉంటుందంటారు. తరచూ సాయంత్రం పూట జ్వరం, మోకాళ్ల కింద ఎముకల్లో నొప్పి వస్తాయి. అలర్జీ మాత్ర లివోసెట్రిజిన్ మోతాదు పెంచినా, వంకాయ, గుడ్డు, చేప మాన్పించినా ఫలితం లేదు. ఈమధ్య రక్తపరీక్షలో ఐజీఎం రకం ‘ఎం బ్యాండ్’ కనిపించిందన్నారు. ఇది క్యాన్సరా? చికిత్స ఉందా?
- ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: మీరు రాసిన లక్షణాలన్నీ కలిపి చూస్తే ‘స్నిట్జ్‌లర్ సిండ్రోమ్’ అనే అరుదైన జబ్బును అనుమానించాలి. 1970లలో ఫ్రాన్సుకు చెందిన చర్మవైద్యురాలు లిలియాన్ స్నిట్జ్‌లర్ దీన్ని తొలిసారి వర్ణించారు. ఇది అలర్జీ కాదు. శరీరంలో ఇంటర్‌ల్యూకిన్-1 అనే రసాయనం అదుపు తప్పి రేపే వాపు. అందుకే అలర్జీలో దురద, దద్దుర్లు తెచ్చే హిస్టమిన్‌ను అడ్డుకునే మాత్రలు ఎన్ని వేసినా పనిచేయవు. దీనికోసం పథ్యం అక్కర్లేదు, నాన్నగారికి ఇష్టమైనవి నిరభ్యంతరంగా పెట్టండి.

నిర్ధారణకు కొత్తగా వచ్చిన దద్దు నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీ చేయించాలి. అందులో న్యూట్రోఫిల్ అనే తెల్లరక్తకణాలు గుమిగూడి ఉంటే అనుమానం బలపడుతుంది. జ్వరం ఉన్న రోజున సీఆర్‌పీ (ఒంట్లో వాపును సూచించే రక్తపరీక్ష), తెల్లకణాల సంఖ్య చూడటం కూడా ముఖ్యం. ఎం బ్యాండ్ అంటే రక్తంలో ఒకే రకం యాంటీబాడీ ప్రోటీన్ (మీ నాన్నగారిలో ఐజీఎం) పేరుకోవడం. అది ఉన్నంత మాత్రాన క్యాన్సర్ అని భయపడకండి. అయితే ఈ జబ్బు ఉన్నవారిలో సుమారు 15 నుంచి 20 శాతం మందికి, ఎక్కువగా పదేళ్లు దాటాక, వాల్డెన్‌స్ట్రామ్ (నెమ్మదిగా పెరిగే ఒక రకం రక్తక్యాన్సర్) వంటి రక్తవ్యాధి రావచ్చు.

జబ్బు తేలికగా ఉంటే కోల్చిసిన్ అనే వాపు తగ్గించే మాత్ర ప్రయత్నిస్తారు. స్టెరాయిడ్లు కొంత ఉపశమనం ఇచ్చినా, ఎక్కువ మోతాదులో ఏళ్ల తరబడి వాడితే మధుమేహం, ఎముకల బలహీనత వెంటపడతాయి కాబట్టి వాటిమీదే ఆధారపడటం నాకు సమ్మతం కాదు. బాగా పనిచేసేది ఇంటర్‌ల్యూకిన్-1ను అడ్డుకునే అనకిన్‌రా. సాధారణంగా రోజుకు 100 మిల్లీగ్రాములు చర్మం కింద ఇస్తారు. చాలామందిలో గంటల్లోనే జ్వరం, ఒకటి రెండు రోజుల్లో దద్దుర్లు తగ్గుముఖం పడతాయి, ఆపితే మళ్లీ తిరగబెడతాయి. మొదలుపెట్టే ముందు క్షయ పరీక్ష తప్పనిసరిగా చేయించాలి. ఇది ఖరీదైన మందు కనుక లభ్యత, ఖర్చుల గురించి రుమటాలజిస్టుతో (కీళ్లవ్యాధుల నిపుణుడితో) ముందే మాట్లాడుకోండి.

ఈ ఇంజెక్షన్ దద్దుర్లను, జ్వరాన్ని అణచివేస్తుందే తప్ప రక్తంలోని ఐజీఎం ప్రోటీన్‌ను తొలగించదు. కాబట్టి ఒళ్లు పూర్తిగా కుదుటపడినా హెమటాలజిస్టు (రక్తవ్యాధుల నిపుణుడు) దగ్గర ఏటా కనీసం ఒకసారి ప్రోటీన్ ఎలక్ట్రోఫోరెసిస్ (ఎం బ్యాండ్‌ను చూపే పరీక్ష), ఐజీఎం, రక్తకణాల పరీక్షలు చేయిస్తూనే ఉండాలి. మధ్యలో బరువు తగ్గినా, గడ్డలు కనిపించినా వెంటనే చూపించండి.