బాలల రచయిత్రి కాబోతున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

అమ్మాయీ, నీ రాతప్రతి అందింది. ఐదారేళ్ల పిల్లలకు తమ ఊళ్లో ఎవరెవరు ఏయే పనులు చేస్తారో చెప్పాలన్న నీ సంకల్పం మంచిది. అయితే రైతు అన్నం పెడతాడు, వైద్యుడు ప్రాణం పోస్తాడు, పోస్ట్‌మ్యాన్ ఉత్తరాలు తెస్తాడు అంటూ పేజీకొకరి చొప్పున పన్నెండు మందికి దండలు వేసి సాగనంపావు. పొగడ్త పిల్లల చెవికి ఎక్కదు. ఆ మనిషి చేతులతో ఏం చేస్తాడో, ఏ పనిముట్టు పడతాడో, పని ఎక్కడ చిక్కుపడుతుందో చూపిస్తే మాత్రం కదలకుండా వింటారు.

నేతగాడి పేజీనే తీసుకో. 'రంగురంగుల చీరలు నేస్తాడు' అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టావు. భూదాన్ పోచంపల్లిలో మగ్గమున్న ఇంట్లో ఒక పూట కూర్చుని చూడు. అక్కడ బట్ట తయారయ్యాక పూలు అద్దరు. నేయడానికి ముందే, నూలు పోగులను లెక్క ప్రకారం చేర్చి, రంగు అంటకూడని చోటల్లా సైకిల్ ట్యూబును సన్నగా కోసిన పట్టీలతో బిగించి కట్టి, ఆ తరువాత రంగులో ముంచుతారు. కట్టు విప్పితే ఆ మేర తెల్లగా మిగిలి ఉంటుంది. ఇంకో రంగు కావాలంటే మళ్లీ కట్టాలి, మళ్లీ ముంచాలి. ఆ పోగులు మగ్గం మీద ఒకదాని పక్కన ఒకటి సరిగ్గా కుదిరితేనే చిలకో ఏనుగో రూపు కడుతుంది. చీరకూ సైకిల్ ట్యూబుకూ ఏమిటి సంబంధమని అడిగి చూడు, పేజీ తిప్పమని పిల్లలే తొందరపెడతారు.

అదే ఇంట్లో ఆసు పోసే ఆవిడ నీ పేజీలో లేనే లేదు. అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల మీదుగా దారాన్ని చేత్తో అటూ ఇటూ వేల సార్లు తిప్పితే గాని ఒక చీరకు నూలు సిద్ధం కాదు. తల్లి భుజాల నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఆ పనికి యంత్రం చేసి, దానికి ఆమె పేరే కలిపి లక్ష్మీ ఆసు యంత్రం అన్నారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మగ్గం మీద మగవాణ్ణి మాత్రమే కూర్చోబెడితే ఈ కథకు నీ పుస్తకంలో చోటెక్కడ?

ఇంకొకటి, ఇది కాస్త సున్నితమైనది. మన ఊళ్లలో వృత్తి పేరు ఎత్తగానే కులం వెంట వస్తుంది. తండ్రి పనే కొడుకూ చేయాలన్న ధ్వని ఎక్కడా రానివ్వకు. పారిశుద్ధ్య పని గురించి రాసేటప్పుడు మరీ జాగ్రత్త పడు. చదువుకోకపోతే చెత్త ఎత్తుకోవాల్సి వస్తుందని పెద్దలు బెదిరించే మాట పిల్లలు ఇంట్లో వినే ఉంటారు, ఆ పని చేసే తల్లి బిడ్డ కూడా అదే తరగతిలో కూర్చుని నీ పుస్తకం చదువుతుంది.

నిలువు పోగులైన పడుగు, అడ్డ పోగులైన పేక, పేక నూలు చుట్టే కండె, దాన్ని అటూ ఇటూ నడిపే నాడె వంటి నేతపని మాటలను తీసేసి సులువు చేయబోకు. పక్కన బొమ్మ ఉంటే చాలు, పిల్లలు ఇట్టే పట్టేస్తారు. పన్నెండు మందిని నలుగురికి తగ్గించు. లైన్‌మన్ పేజీ ఉంచు, స్తంభం ఎక్కే ముందు కరెంటు ఆపించే వైనం బాగా పట్టుకున్నావు. బొమ్మలు వేసే వారిని కూడా పోచంపల్లికి వెంటబెట్టుకుని వెళ్లు. గుంట మగ్గం దగ్గర నేతగాడు కాళ్లు గుంటలోకి దించి కూర్చుంటాడు. చూడకుండా గీస్తే ఆయన్ను తీసుకెళ్లి స్టూలు మీద కూర్చోబెడతారు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి